మమత ఎడమ చెయ్యి

చిరాగ్‌పల్లి దాటి ముంబై రోడ్డు మీద కాస్త ముందుకు పోతే ఎడమ పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. దానికి బోర్డు లేదు. పొద్దున పది దాటిందంటే ముందు రెండు మూడు లారీలు ఆగి ఉంటాయి. అక్కడ దొరికేది జొన్నరొట్టె, వంకాయ కూర, పల్లీల కారం, కోసిన ఉల్లిగడ్డ, అంతే. నేను జహీరాబాద్‌లో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతాను. మా అమ్మగారిల్లు బీదర్ దగ్గర కాబట్టి నెలకు రెండు మూడు సార్లయినా ఆ దారిన పోతుంటాను. అట్లా ఎనిమిదేళ్లుగా మమత షెడ్డులో రొట్టె తింటున్నాను. ఆమె గురించి రాస్తానన్నప్పుడు, పేరు మార్చమంటావా అని అడిగాను.

"ఎందుకు మార్చాలె మేడమ్? నేనేమన్న దొంగతనం జేసిన్నా?" అంది.

మమతది రాయికోడ్ దగ్గర ఒక పల్లె. ఇరవై ఒకటో ఏట పెళ్లయి ఇక్కడికి వచ్చింది. అత్తగారి వాళ్లు రెండు తరాల కింద కర్ణాటక వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఇంట్లో సగం కన్నడం, సగం తెలుగు. భర్త వినయ్ ఝరాసంగం, జహీరాబాద్ మధ్య షేర్ ఆటో నడిపేవాడు. షెడ్డు పెట్టింది అత్త బసమ్మ. ఆమె మోకాళ్లు అరిగిపోయాక పెనం ముందు పీట మమతకు వచ్చింది.

బసమ్మ పీట వదిలింది గాని నోరు వదల్లేదు. షెడ్డులోనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. రొట్టె అంచు పగిలితే ఒక తిట్టు, కూరలో ఉప్పు ఎక్కువైతే ఒక తిట్టు. మమతా తక్కువ తినలేదు. "నువ్వు జేసినప్పుడు గూడ గిట్లనే పగిలేటియి అత్తమ్మా, నీకు భయపడి ఎవరు జెప్పలే" అనేది. వాళ్లిద్దరి మాటలు వినడానికే ఇంకో రొట్టె వేయించుకునేవాళ్లు ఉండేవారు, నాతో సహా.

మూడేళ్ల కిందట, మమతకు ముప్ఫై రెండేళ్లప్పుడు, స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గట్టిగా ఏదో చేతికి తగిలింది. శనగగింజంత ఉంది. నొక్కి చూసింది. నొప్పి లేదు. పొద్దున నాలుగున్నరకు లేచి, కూతురు సహస్రకు జడలేసి బడికి తయారుచేసి, తొమ్మిదింటికల్లా పొయ్యి వెలిగించే మనిషికి నొప్పి లేనిదాన్ని గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది? శివరాత్రికి ఝరాసంగం జాతర వచ్చింది, వారం రోజులు ఊపిరి సలపని గిరాకీ. తర్వాత ఎండలు ముదిరాయి. ఎండలు తగ్గాక చూపించుకుందాం అనుకుంది. ఎండలు తగ్గేసరికి అది రేగుపండంత అయింది.

"కాలు నొస్తుందంటె పదిమందికి జెప్తం మేడమ్. ఇది ఎట్ల జెప్తం? ఎవరికి జెప్తం? మా ఆయనకు జెప్పనీకె గూడ నోరు రాలే" అంది నాతో.

జూలైలో ఆశా కార్యకర్త నవత ఇంటింటి సర్వేకు వచ్చింది. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరి పక్కనా కూర్చుని కాగితం చూసి అడుగుతుంది. బీపీ ఉందా, షుగర్ ఉందా, నోట్లో మానని పుండ్లున్నాయా, రొమ్ములో గడ్డలేమైనా తగిలాయా? బసమ్మ అక్కడే కూర్చుని ఉంది. మమత అన్నిటికీ లేదు, లేదు అని చెప్పింది. నవత రాసుకుని, చెప్పులు వేసుకుని, రోడ్డు దాకా పోయింది. మమత చేతికంటిన పిండి కడుక్కోకుండానే వెనక పరుగెత్తింది.

"అక్కా, జర ఆగు. నొయ్యకపోతె ఏం గాదు గదా?"

ఏది అని నవత అడగలేదు. "నొయ్యకుంటెనే తొందరగ జూపియ్యాలె. ఎన్ని దినాలైంది?" అంది.

"ఐదు నెలలు."

"రేపు తొమ్మిదింటికి నేనే వస్త, ఇద్దరం పోదాం. ఇంట్ల ఏం జెప్తవో జెప్పు."

జహీరాబాద్ దవాఖానలో డాక్టర్ చూసి, హైదరాబాద్‌లో పరీక్షలు చేయించుకోమని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీతో మమత నేరుగా షెడ్డుకే వచ్చింది. మధ్యాహ్నం గిరాకీ అయిపోయాక, వినయ్ ఆటో పక్కకు ఆపి నీళ్లు తాగుతుంటే, అతని చేతిలో పెట్టింది. చీటీ ఇంగ్లీషులో ఉంది. అతడు అటూ ఇటూ తిప్పి చూసి, ఏందిది అన్నాడు. ఇక చెప్పక తప్పలేదు.

వినయ్ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అడిగింది ఒక్కటే.

"ఐదు నెలలు నా పక్కన్నే ఉండి నాకు జెప్పకపోతివా?"

ఆ మాట మమతను చాలా రోజులు పొడిచింది. తప్పంతా తనదే అంటున్నాడనుకుంది. అప్పుడు భయమేసి, ఏమనాలో తెలియక నోటికొచ్చింది అన్నానని వినయ్ ఎంతో కాలానికి గాని ఒప్పుకోలేదు.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖాన. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. పన్నెండు రోజులకు ఫలితం వచ్చింది. క్యాన్సరే. రెండో దశ. చంకలోని ఒక గ్రంథికి కూడా చేరింది. అక్కడి లేడీ డాక్టర్ తెల్లకాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ముందు ఆపరేషన్, రొమ్ము మొత్తం తీసేయాలి, చంకలోని గ్రంథులూ తీయాలి. తర్వాత ఇరవై ఒక్క రోజులకోసారి కీమో, ఎనిమిది సార్లు. ఆపైన రేడియేషన్. అది అయ్యాక ఏళ్లపాటు రోజుకో మాత్ర. వినయ్ బొమ్మ మీంచి కళ్లు ఎత్తలేదు.

"రొట్టెలు జెయ్యొచ్చా?" అని అడిగింది మమత.

డాక్టర్ తలెత్తింది. "ఏ చేత్తో చేస్తావమ్మా?"

"రెండు చేతులతోని మేడమ్. కుడి చెయ్యి తడ్తది, ఎడమ చెయ్యి తిప్తది."

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. "ముందు నువ్వు బాగుపడాలి. చెయ్యి సంగతి తర్వాత చూద్దాం" అంది.

ఆ సాయంత్రం నుంచి బసమ్మ తిట్టడం మానేసింది. మమత కూరలో ఉప్పు మరిచిపోతే, "పోనీ బిడ్డా, పైన ఏసుకుంటరు" అంది. పొద్దున ఆలస్యంగా లేస్తే, "ఇంకింత సేపు పండుకో" అంది. చూడవచ్చిన చుట్టాలు గడప దాటగానే గొంతు తగ్గించేవాళ్లు. గిన్నె కింద పడితే ఇంట్లో అందరూ ఒకేసారి వంగేవాళ్లు, ఆమె వంగకూడదని. అదంతా ప్రేమేనని మమతకు తెలుసు. కాని ఆ ప్రేమే ఆమెను భయపెట్టింది. "మా అత్త నన్ను తిడ్తలేదంటె, నేను బత్కనని ఆమెకు తెల్సిపోయిందనుకున్న" అంది.

ఆగస్టు చివరలో ఆపరేషన్ అయింది. ఐదో రోజు ఇంటికి పంపారు. చంక కింద నుంచి సన్నటి గొట్టం, దాని చివర ఒక ప్లాస్టిక్ డబ్బా. గాయంలో ఊరే నీరు అందులోకి దిగుతుంది. రోజూ ఒకే వేళకు దాన్ని వంచి, ఎంత వచ్చిందో కొలిచి రాయాలని, ముప్ఫై మిల్లీలీటర్లకు తగ్గితే గొట్టం తీసేస్తామని నర్సు చెప్పింది. ఆ పని అత్త చేస్తుందనుకుంది మమత. బసమ్మ చూపుకు డబ్బా మీది సన్నటి కొలత గీతలు ఆనలేదు. అందుకని వినయ్ చేశాడు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి మూత తీసేవాడు. సహస్ర పాత నోటుబుక్కులో చివరి పేజీ మీద తారీఖు వేసి రాసేవాడు. తొంభై, ఎనభై ఐదు, అరవై. ఒకరోజు అరవై నుంచి మళ్లీ డెబ్భైకి పెరిగితే అన్నం తినలేదు. బసమ్మ తన పాత చీర చింపి ఆ డబ్బాకు సంచి కుట్టింది, మెడలో వేలాడేసుకుని తిరగడానికి.

కట్టు విప్పిన రోజు మమత ముఖం గోడవైపు తిప్పుకుంది.

"ఎట్లుంది?" అని అడిగింది.

వినయ్ కొంచెంసేపు చూశాడు. "కుట్లు మంచిగ ఏసిన్రు" అన్నాడు. ఆగి, "నువ్వు ఎప్పుడు జూడాలనిపిస్తె అప్పుడు జూడు. తొందరేం లేదు" అన్నాడు.

ఆమె తొమ్మిది రోజుల తర్వాత చూసుకుంది, గడియ పెట్టుకుని, అద్దం ముందు, ఒక్కతే. ఏడుస్తానేమో అనుకుందట. ఏడుపు రాలేదు. చదునుగా మిగిలిన ఆ చోటును వేళ్లతో తడిమింది. అక్కడ స్పర్శ లేదు. జాకెట్టు వేసుకుని బయటికి వచ్చి టీ పెట్టుకుంది.

రెండు వారాలు మూసి ఉన్న షెడ్డును ఒక పొద్దున వినయ్ తెరిచాడు. మధ్యాహ్నం దాకా రొట్టెలు, సాయంత్రం ఆటో అన్నాడు. బసమ్మ కుర్చీలోంచి చెబుతుంటే అతను తట్టాడు. మొదటి రోజు ఒక్కటీ గుండ్రంగా రాలేదు. పీట మీంచి పెనం మీదికి ఎత్తేలోగా నడుమ చిరిగేవి. ఒక లారీ డ్రైవర్ తన పళ్లెంలోని రొట్టెను వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏమన్నా, ఇది మహారాష్ట్ర పటమా, కర్ణాటక పటమా?"

"ఏదైతె ఏంది, కూరల ముంచుకుంటె అన్ని ఒక్కతీర్గనే ఉంటయి. తిను" అన్నాడు వినయ్.

ఊళ్లో కొందరు మగవాళ్లు పెళ్లాం పని చేస్తున్నాడని నవ్వారు. నేనూ ఆ రొట్టెలు తిన్నాను. ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా, అరచేతి మందాన ఉండేవి. దసరా నాటికి తినేలా అయ్యాయి. దీపావళికి ఇంకోటి అడిగేలా అయ్యాయి.

ఈలోగా కీమో మొదలైంది. మందు ఎక్కించిన మూడో రోజు నుంచి నోరంతా పూసేది. పెనం మీద కాలే జొన్నపిండి వాసన తగిలితే కడుపులో తిప్పేది. పదేళ్లుగా ఆమె చీరల్లో, జుట్టులో ఉన్న వాసన అది. వినయ్ షెడ్డు నుంచి వచ్చి ముందు స్నానం చేసి, చొక్కా బయట ఆరేసి, అప్పుడు ఆమె దగ్గరికి వచ్చేవాడు. రెండో కీమోకి ముందే జుట్టు ఊడిపోయింది. సహస్ర తల్లి బోడితలను రెండు చేతులతో తడిమి, వెనక పక్క చిన్న సొట్ట ఉందని కనిపెట్టింది. తన తలకూ ఉందేమోనని జడల కింద వెతుక్కుంది. ఉంది. ఆ సంగతి వారం రోజులు బడిలో అందరికీ చెప్పుకుంది.

మూడో కీమో మమతను బాగా కుంగదీసింది. నాలుగు రోజులు లేవలేదు. ఆ సమయంలోనే ఒక దూరపు చుట్టం వచ్చి, ఆకుపసరు ఇచ్చే మనిషి ఒకాయన ఉన్నాడని, ఈ మందులు ఎక్కించే కొద్దీ రోగం ఇంకా పాకుతుందని చెప్పిపోయింది. నాలుగోదానికి రెండు రోజుల ముందు మమత, "నేను ఇంక పోను" అంది. వినయ్ బతిమాలాడు. నవత వచ్చి, సగంలో ఆపితే ఏమవుతుందో విడమరిచి చెప్పింది. మమత గోడవైపు తిరిగి పడుకుంది.

అప్పుడు బసమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చి మంచం ముందు నిలబడింది.

"ఏమే, పోవా? ఎందుకు పోవు? నా కొడుకు చేతులు కాల్చుకునేది నువ్వు గోడ జూసుకుంట పండుకోనీకెనా? పిల్లకు జడలు ఎవరేస్తరు, నేనేస్తనా? గా పసరు సంగతి జెప్పినామె, వాళ్లింట్ల ఎవరికన్న జరమొస్తె సూదికి ఉరుకుతది. నీకు మాత్రం పసరు! లే. లేసి మొఖం కడుక్కో. మొద్దు లెక్క పండుకున్నది సూడు!"

నాలుగు నెలల తర్వాత పడిన తిట్టు. మమత లేచి కూర్చుంది. ముందు నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే ఏడుపొచ్చింది. ఆపరేషన్‌ నాడు రానిది, అద్దం ముందు రానిది అంతా అప్పుడొచ్చింది. బసమ్మ మంచం అంచున కూలబడి, ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది.

"మా అక్కకు గిదే వచ్చింది. కొంగు కప్పుకుని రెండేండ్లు దాచింది. పుండై వాసనొచ్చినంక తెలిసింది మాకు. ఆఖరి దినాలల్ల తానం నేనే పోసిన. నీ సంగతి తెల్వంగనే మా అక్కనే కండ్ల ముంగట వడ్డది. అయిపోయిందనుకున్న. నిన్ను ఒక్క మాట అననీకె గూడ నాకు నోరు రాలే. కాని మా అక్కకు ఎవ్వరు లేకుండె. నీకు డాక్టర్లున్నరు, మొగడున్నడు, నేనున్న. పోనంటె నేనూకోను."

నాలుగో కీమోకి మమత పోయింది. మిగతా నాలుగింటికీ పోయింది. ప్రతిసారీ వినయ్ షెడ్డు మూసి వెంట పోయేవాడు. వేసవిలో రేడియేషన్ కోసం ఐదు వారాలు లింగంపల్లిలో వినయ్ మేనత్త ఇంట్లో ఉండాల్సి వచ్చింది. సహస్ర రోజూ సాయంత్రం ఫోన్‌లో కనిపించి, నాయనమ్మ వేసిన జడలు కెమెరాకు దగ్గరగా పెట్టి చూపించేది. ఒకటి చెవి పైన, ఒకటి చెవి కింద.

ఇక చెయ్యి. ఆపరేషన్ తర్వాత ఎడమ చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను చీమల్లా పైకి పాకించమని దవాఖానలో నేర్పారు. వేళ్లు ఆగిన చోట సహస్ర పెన్సిల్‌తో గీత పెట్టేది. గీతలు నెమ్మదిగా పైకి పోయాయి. కీమో వారాల్లో ఆగేవి, మళ్లీ కదిలేవి. రేడియేషన్ ముగిసి ఇంటికొచ్చేనాటికి చెయ్యి తలపైకి లేచింది. దాంతో మమత ఆగలేకపోయింది. జూన్‌లో ఒక పొద్దున, వినయ్ నీళ్లు తేవడానికి పోయినప్పుడు, పీట మీద కూర్చుంది. పన్నెండు రొట్టెలు చేసింది. పన్నెండూ గుండ్రంగా వచ్చాయి. వినయ్ బిందె దించి, వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టాడట.

పెనం ఆవిరికి ఎడమ చూపుడు వేలి మీద చిన్న బొబ్బ లేచింది. ఇదివరకు అలాంటివి లెక్కలోకి వచ్చేవే కావు. రెండో రోజుకు చెయ్యి మోచేతి దాకా వాచి ఎర్రబడింది, జ్వరం వచ్చింది. గాజులు రాకపోతే కత్తిరించి తీశారు. పది రోజులు మందులు వాడాక తగ్గింది. అప్పుడు డాక్టర్ తేటగా చెప్పింది. చంకలో గ్రంథులు తీసేశాక ఆ చేతికి నీరు లాగే శక్తి, చీము పట్టకుండా ఆపే శక్తి తగ్గుతాయి. కాలడం, తెగడం, బరువులెత్తడం ఇక ఆ చేతికి పడవు. ఇది ఒక నెలకో ఏడాదికో కాదు, ఎప్పటికీ.

ఆ వారంలో నేను చూడ్డానికి పోయాను. అందరూ అనే మాటే నేనూ అన్నాను. ప్రాణం దక్కింది కదా మమతా, రొట్టెలదేముంది అన్నాను. ఆమె నా వైపు చూసింది.

"బత్కినందుకు సంబురమే మేడమ్. సంబురం ఉంటె బాధ ఉండొద్దా? రొమ్ము పోయింది, బట్ట కింద ఉన్నది, ఎవరికి ఎర్క? రొట్టెల మమత అంటరు నన్ను. రొట్టె జెయ్యకుంటె ఏమంటరు?"

జబ్బు నుంచి బయటపడ్డవాళ్ల దగ్గర మనం సంతోషాన్ని బాకీలా వసూలు చేస్తామని ఆ రోజే నాకు తట్టింది. వాళ్లు పోగొట్టుకున్నదాని గురించి మాట్లాడితే మనకు నచ్చదు. అప్పటి నుంచి ఎవరిని పలకరించడానికి పోయినా ముందు వినడం నేర్చుకున్నాను.

వినయ్ ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. ఆటోను తమ్ముడికి అప్పగించి, పెనం ముందు పూర్తిగా కూర్చున్నాడు. మమత వాపు రాకుండా ఎడమ చేతికి బిగుతైన తొడుగు వేసుకుని, కుడి చేత్తో పిండి కలిపి ఇస్తుంది, కూర రుచి చూస్తుంది, వడ్డిస్తుంది, వచ్చినవాళ్లతో మాట్లాడుతుంది. కొన్నాళ్లు ఆ పని ఆమెకు చిన్నతనంగా ఉండేది. అతని రొట్టెల కేసి చూడకుండా ముఖం తిప్పుకునేది. తర్వాత తర్వాత చూడటం, చూశాక ఊరుకోలేకపోవడం మొదలైంది. ఇప్పుడు షెడ్డులో ఇద్దరి చేతా తిట్లు తినేది వినయే.

చేతులు కడుక్కునే వంకతో మమత దగ్గర ఆగి, చుట్టూ చూసి, మెల్లగా అడిగే ఆడవాళ్లు ఉంటారు. ఆమె వాళ్లను నవత దగ్గరికి పంపుతుంది, ఒక్కోసారి వెంట పోతుంది. చాలామందికి ఏమీ ఉండదు. పోయినేడు ఒకామెకు గడ్డ చిన్నగా ఉండగానే దొరికింది.

మాత్ర రోజూ వేసుకుంటుంది. ఇంకో బిడ్డ కావాలని ఆ ఇంట్లో అందరికీ ఉండేది. మందు వాడుతున్నన్నాళ్లు వద్దన్నారు. ఆ మాట ఇప్పుడెవరూ ఎత్తరు. ఆరు నెలల పరీక్ష దగ్గరపడితే వారం ముందు నుంచి మమతకు నిద్ర పట్టదు, చిన్నదానికీ కసురుకుంటుంది. సహస్ర కూడా క్యాలెండర్ చూసి, "మమ్మీకి డాక్టర్ దినం వస్తుంది" అని తండ్రికి చెబుతుంది.

పోయిన నెల పరీక్షకు బసమ్మ తానూ వస్తానంది. మోకాళ్ల సంగతి గుర్తు చేసినా వినలేదు. డాక్టర్ మమతను చూసి, అంతా బాగుందని, ఇక ఆరు నెలలకు రమ్మని చెప్పింది. మమత చీర సర్దుకుని లేచింది. బసమ్మ లేవలేదు.

"డాక్టరమ్మా, నాది గూడ జర జూడు. అరవై ఎనిమిదేండ్లొచ్చినయి, ఎన్నడు ఎవ్వరికి జూపియ్యలే" అంది.

అత్త చేతికర్ర పట్టుకుని మమత తెర ఇవతల నిలబడింది. చేతికి ఏమీ తగల్లేదని, వయసును బట్టి మిషన్ మీద ఫోటో కూడా తీయిద్దామని డాక్టర్ చెప్పింది. తీశారు. ఫోటోలోనూ ఏమీ లేదని సాయంత్రానికి తేలింది.

జహీరాబాద్ బస్సులో బసమ్మకు కిటికీ పక్క సీటు దొరికింది. పటాన్‌చెరు దాటక ముందే పక్కనున్న తెలియని ఆవిడకు సంగతంతా గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. ఆ మిషన్ ఎట్లా ఉంది, ఎట్లా వత్తిన్రు, తనెట్లా అరిచింది, అన్నీ. ముందు సీట్లో మగవాళ్లు వెనక్కి తిరిగి చూసి, గబగబా ముందుకు తిరిగారు. మమత సిగ్గుతో కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అత్తమ్మా, జర మెల్లగ" అంది.

"ఎందుకు మెల్లగ?" అని బసమ్మ మళ్లీ పక్కావిడ వైపు తిరిగింది. "అయితే నువ్వు జూపిచ్చుకున్నవా, లేదా?"